మోచేయి లోపలి వైపు నొప్పికి ఇంట్లో ఫిజియో ఎలా చేయాలి

"నెల రోజులు చేతికి రెస్ట్ ఇచ్చాను, నొప్పి తగ్గింది, పని మొదలుపెట్టగానే మళ్లీ వచ్చేసింది, ఇప్పుడేం చేయాలి?" మోచేయి లోపలి వైపు నొప్పి ఉన్నవాళ్లు అడిగేది దాదాపు ఎప్పుడూ ఇదే. కాబట్టి ముందుగా సూటిగా చెప్పేస్తాను: రెస్ట్ నొప్పిని తగ్గిస్తుంది కానీ టెండన్‌కి, అంటే కండరాన్ని ఎముకకి అతికించే తాడులాంటి భాగానికి, బలం ఇవ్వదు. బలం రావాలంటే దానికి కొద్దికొద్దిగా, లెక్కగా, నెమ్మదిగా బరువు అలవాటు చేయాలి. ఈ గైడ్ మొత్తం ఆ బరువు ఎంత, ఎప్పుడు, ఎలా పెంచాలి, ఎక్కువైపోయిందని ఎలా తెలుసుకోవాలి అన్నదాని గురించే.

దీన్ని గాల్ఫర్స్ ఎల్బో అంటారు. ఆ పేరు చూసి "నేను గాల్ఫ్ ఆడను కదా" అనుకోకండి. స్క్రూడ్రైవర్ తిప్పేవాళ్లకి, సుత్తి పట్టేవాళ్లకి, జిమ్‌లో పుల్ అప్స్ చేసేవాళ్లకి, బంతి విసిరేవాళ్లకి, బరువైన సంచులు మోసేవాళ్లకి, రోజంతా మౌస్ గట్టిగా పట్టుకుని కూర్చునేవాళ్లకి కూడా వస్తుంది. ఎక్కువగా 40 దాటినవాళ్లలో కనిపిస్తుంది. మణికట్టుని లోపలికి వంచే కండరాలు, అరచేతిని కిందికి తిప్పే కండరం, ఇవన్నీ మోచేయి లోపలి వైపున్న ఎముక బొడిపె దగ్గర కలిసి అతుక్కుంటాయి. ఓర్చుకోగలిగిన దానికంటే ఎక్కువ పని పదేపదే పడినప్పుడు ఆ అతుకు దగ్గర టెండన్ దెబ్బతింటుంది. థియరీ ఇంతవరకు చాలు.

ముందు ఇది అదేనా కాదా చూసుకోండి

ఈ మూడు పరీక్షలు మీరే చేసుకోవచ్చు. రెండు చేతులకీ చేసి పోల్చండి, లేకపోతే ఏది మామూలు, ఏది నొప్పి అన్నది తెలియదు.

మొదటిది: చేతిని పక్కకి వదిలి అరచేయి ముందుకి చూసేలా పెట్టండి. మోచేయి దగ్గర ఒంటివైపు ఉన్న ఎముక బొడిపెని వెతకండి. దానిమీద, దానికి కొంచెం ముందు, కొంచెం కింద బొటనవేలితో నొక్కండి. "అమ్మో, సరిగ్గా అక్కడే" అనిపిస్తే ఒక గుర్తు దొరికినట్టే. బొడిపె వెనక ఉన్న సందులో మాత్రం గట్టిగా నొక్కకండి, అక్కడ నరం వెళ్తుంది.

రెండోది: మోచేయి నిటారుగా చాపి, అరచేయి పైకి పెట్టి, రెండో చేత్తో ఆ అరచేతిని కిందికి ఆపుతూ మణికట్టుని పైకి వంచడానికి ప్రయత్నించండి. లోపలి బొడిపె దగ్గర నొప్పి రావాలి.

మూడోది: కరచాలనం చేస్తున్నట్టు చెయ్యి పెట్టి, రెండో చెయ్యి అడ్డం పట్టుకోగా అరచేతిని నేలవైపు తిప్పడానికి చూడండి. ఇక్కడ కూడా అదే చోట నొప్పి వస్తే దాదాపు ఇదే సమస్య.

నొప్పి బయటి వైపు ఉంటే అది టెన్నిస్ ఎల్బో. దానికీ దీనికీ పద్ధతి ఒకటే అయినా వ్యాయామాల దిశ తలకిందులు. టెన్నిస్ ఎల్బో వీడియో చూసి లోపలి నొప్పికి అవే చేసి "ఏం తేడా లేదు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ముందు ఏ వైపో ఖాయం చేసుకోండి.

ఇవి ఉంటే ఈ గైడ్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి

ఏదో ఎత్తుతుంటేనో విసురుతుంటేనో "టప్" మని తెగినట్టు అనిపించి, తర్వాత వాపు, కమిలిన మచ్చ వచ్చినా. పడిన తర్వాత మోచేయి పూర్తిగా చాపలేకపోతున్నా. కీలు ఎర్రగా, వేడిగా ఉండి జ్వరం కూడా ఉన్నా. కదలకుండా పడుకున్నా రాత్రంతా తగ్గని నొప్పి ఉన్నా ఇంట్లో ప్రయోగాలు వద్దు.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే, లేదా చేతిలో వస్తువులు జారిపోతుంటే అది నరం నొక్కుకుపోవడం కావచ్చు, అది ఒక్కటే గానీ టెండన్ నొప్పితో కలిసి గానీ రావచ్చు. మెడ తిప్పినప్పుడు మోచేతి నొప్పి మారుతుంటే మెడ నుంచి వస్తుందేమో చూపించుకోవాలి. బంతి విసిరే ఆటలు ఆడే పిల్లల్లో, టీనేజర్లలో లోపలి వైపు నొప్పి వస్తే అది టెండన్ కాకపోవచ్చు, ఎదుగుతున్న ఎముక భాగం దెబ్బతిని ఉండవచ్చు. వాళ్లకి ఈ వ్యాయామాలు చేయించకండి, ముందు విసరడం ఆపించి డాక్టర్‌కి చూపించండి.

ఇంకొకటి, ఇది మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు: ఎడమ చెయ్యి నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈమధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు నొప్పి మొదలైతే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పడం మర్చిపోకండి. ఆ రకం మందులు టెండన్లని దెబ్బతీసే అవకాశం ఉంది.

కావలసినవి

- ఒక టేబుల్, కుర్చీ
- నీళ్ల సీసాలు: అర లీటరు, లీటరు (లీటరు నీళ్లంటే కిలో బరువు). తర్వాత డంబెల్ ఉంటే మంచిది
- ఒక సుత్తి, లేదా ఒక చివర బరువున్న ఏదైనా కర్ర
- చిన్న తువ్వాలు, మెత్తటి బంతి
- సాగే రబ్బర్ బ్యాండ్
- సెకన్లు లెక్కపెట్టడానికి ఫోన్, రాసుకోవడానికి నోట్‌బుక్

నోట్‌బుక్ అనవసరం అనిపించవచ్చు. కానీ ఈ నొప్పి వారం వారం ఎంత నెమ్మదిగా తగ్గుతుందంటే, రాసుకోకపోతే తగ్గిన సంగతి మీకే తెలియదు, మధ్యలో మానేస్తారు.

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సిన నొప్పి లెక్క

0 అంటే అసలు నొప్పి లేదు, 10 అంటే భరించలేనంత. వ్యాయామం చేస్తున్నప్పుడు 3 వరకు నొప్పి వస్తే ఫర్వాలేదు, భయపడకండి. 4 దాటి 5కి వెళ్తుంటే బరువు తగ్గించండి. ఇది సగం లెక్క మాత్రమే. మిగతా సగం మర్నాడు ఉదయం తెలుస్తుంది: లేవగానే మోచేయి చాపి, పిడికిలి గట్టిగా బిగించి చూడండి. నిన్నటి ఉదయంలాగే ఉంటే నిన్న చేసింది సరిపోయింది. నిన్నటికంటే ఎక్కువగా ఉంటే నిన్నటి బరువు ఎక్కువైందని అర్థం, ఆ రోజు మానేసి తర్వాతి సారి ఒక మెట్టు కిందికి దిగండి.

చేస్తున్నప్పుడు ఏమీ అనిపించకుండా మర్నాడు పెరగడం టెండన్ నొప్పిలో చాలా మామూలు. అందుకే "అప్పుడు బాగానే ఉంది కదా" అన్నది లెక్కలోకి రాదు.

1. పనిని తగ్గించండి, ఆపేయకండి

మొదటి వారం, రెండు వారాలు నొప్పిని రేపే పనులేవో పట్టుకుని వాటిని మార్చండి. చేతిని పూర్తిగా కట్టేసి కూర్చోబెడితే కండరం కూడా బలహీనపడి సమస్య ఇంకా ముదురుతుంది.

అరచేయి పైకి పెట్టి బరువు ఎత్తడం ఈ నొప్పికి బాగా పడదు. బొటనవేలు పైకి ఉండేలా పట్టుకోండి, మోచేయి కొంచెం వంచి, బరువుని ఒంటికి దగ్గరగా పెట్టుకుని ఎత్తండి. సంచులు వేళ్లకి తగిలించుకుని మోయడం కంటే భుజానికి వేసుకోవడం నయం. బట్టలు పిండడం, బిగుసుకుపోయిన మూతలు తిప్పడం కొన్నాళ్లు రెండో చేతికో, ఇంట్లో ఇంకొకరికో అప్పగించండి. సన్నటి హ్యాండిల్ ఉన్న పనిముట్లకి తువ్వాలో గ్రిప్ టేపో చుట్టి లావు చేస్తే అంత గట్టిగా బిగించాల్సిన పని ఉండదు. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ముంజేయి మొత్తం టేబుల్ మీద ఆనేలా చూసుకోండి, మోచేతి లోపలి వైపు టేబుల్ అంచుకి నొక్కుకోకూడదు.

ఐస్ పెట్టాలా, వేడి పెట్టాలా అని అడుగుతారు. రెండూ కాసేపు హాయినిస్తాయి, రెండూ టెండన్‌ని బాగుచేయవు. ఏది హాయిగా ఉంటే అది 10 నుంచి 15 నిమిషాలు పెట్టుకోండి. ఐస్‌ని గుడ్డలో చుట్టాలి, బొడిపె వెనక నరం ఉన్న చోట పెట్టకూడదు. నొప్పి తగ్గించే జెల్ రాసుకోవచ్చు. మాత్రల విషయంలో కిడ్నీ, అల్సర్, బీపీ, గుండె సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. ఒక ముఖ్యమైన జాగ్రత్త: నొప్పి మాత్ర వేసుకుని వ్యాయామం చేయకండి. పైన చెప్పిన నొప్పి లెక్క మొత్తం తప్పిపోతుంది.

2. కదలకుండా బలం పెట్టే వ్యాయామం

నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి. కుర్చీలో కూర్చుని, మోచేయి వంచి, ముంజేతిని టేబుల్ మీద అరచేయి పైకి ఉండేలా ఆనించండి. రెండో చేతిని ఆ అరచేతి మీద పెట్టండి. ఇప్పుడు కింది చెయ్యి మణికట్టుని పైకి వంచడానికి ప్రయత్నించాలి, పై చెయ్యి కదలనివ్వకూడదు. చూసేవాళ్లకి ఏమీ జరుగుతున్నట్టు కనిపించకూడదు.

బలాన్ని ఒక్కసారిగా పెట్టకండి. 4, 5 సెకన్లు తీసుకుని మెల్లగా పెంచండి, మీ పూర్తి బలంలో సగం వరకు చాలు. అలా 30 సెకన్లు పట్టుకుని, మళ్లీ మెల్లగా వదలండి. నిమిషం ఆగండి. ఇలా 5 సార్లు. రోజుకి రెండు పూటలా చేయవచ్చు. కొన్ని రోజులకి 30ని 45 సెకన్లకి, సగం బలాన్ని ముప్పావుకి తీసుకెళ్లండి.

ఇలాగే తిప్పే కండరానికి కూడా: బొటనవేలు పైకి పెట్టి, రెండో చేత్తో మణికట్టు దగ్గర పట్టుకుని, అరచేతిని కిందికి తిప్పడానికి ప్రయత్నిస్తూ కదలకుండా ఆపండి. లెక్క అదే.

కొంతమందికి ఇది చేసిన వెంటనే కాసేపు నొప్పి తగ్గుతుంది. తగ్గకపోయినా కంగారు పడకండి, ఇక్కడ మన పని టెండన్‌ని భయపెట్టకుండా బరువుకి అలవాటు చేయడం.

తర్వాతి మెట్టుకి ఎప్పుడు వెళ్లాలంటే: మోచేయి వంచి కాకుండా దాదాపు నిటారుగా చాపి ఇదే చేసినా నొప్పి 3 దాటకుండా, మర్నాడు పెరగకుండా ఉన్నప్పుడు. కొందరికి ఇది వారంలో వస్తుంది, కొందరికి మూడు వారాలు పడుతుంది. ఈ మెట్టు దూకేయాలని చూడకండి.

3. నెమ్మదిగా బరువు: అసలు వైద్యం ఇదే

మిగతావన్నీ చేసి ఇదొక్కటి చేయకపోతే పెద్దగా ప్రయోజనం లేదు, ఇదొక్కటి సరిగ్గా చేసినా సగానికి పైగా పని అయిపోతుంది, కాబట్టి ఇక్కడ ఓపికగా చదవండి.

ముంజేతిని తొడ మీదో టేబుల్ మీదో ఆనించండి, అరచేయి పైకి, మణికట్టు అంచు దాటి బయటికి ఉండాలి. చేతిలో అర లీటరు నీళ్ల సీసా. 3 సెకన్లలో మణికట్టుని పైకి వంచండి, 4 సెకన్లలో కిందికి దింపండి. దింపేటప్పుడు సీసా దానంతటది పడిపోకూడదు, మీరు దింపుతున్నట్టు ఉండాలి. 15 సార్లు చేస్తే ఒక సెట్. 2 నిమిషాలు ఆగి ఇంకో సెట్, మళ్లీ ఇంకోటి. మొత్తం 3 సెట్లు. రోజు మార్చి రోజు చేయాలి, ప్రతిరోజూ కాదు. ఖాళీ రోజుల్లో రెండో మెట్టు వ్యాయామం చేసుకోవచ్చు.

బరువు సరిపోయిందో లేదో చూసే పద్ధతి: 15లో చివరి 3, 4 సార్లు కష్టంగా అనిపించాలి. 15 అయ్యాక "ఇంకో 15 చేయగలను" అనిపిస్తే అది తేలిక. 10 దగ్గరే మణికట్టు వణుకుతుంటే అది ఎక్కువ.

పైకి లేపడమే నొప్పిగా ఉంటే రెండో చేత్తో సీసాని పైకి తెచ్చి, దింపేటప్పుడు మాత్రం నొప్పి చేత్తో 4, 5 సెకన్లు తీసుకుని దింపండి. వారం రెండు వారాలు ఇలా చేశాక రెండూ నొప్పి చేత్తోనే చేయగలుగుతారు.

వరుసగా రెండుసార్లు 3 సెట్లు పూర్తి చేయగలిగి, రెండు మర్నాళ్లూ ప్రశాంతంగా గడిస్తే బరువు పెంచండి. ఒకేసారి అర కిలోకి మించి పెంచవద్దు. కొన్ని వారాలయ్యాక 15 సార్లకి బదులు బరువు పెంచి 8 నుంచి 10 సార్లు చేయండి, టెండన్‌కి అప్పుడే అసలు బలం వస్తుంది. ఎంతవరకు పెంచాలి? మీ రెండో చెయ్యి ఎంత బరువుతో చేయగలదో అంతవరకు. కిలో దగ్గరే నెలల తరబడి ఆగిపోయి "రోజూ చేస్తున్నాను, బాగవడం లేదు" అనేవాళ్ల చెయ్యి అప్పటికే కిలోకి అలవాటు పడిపోయింది, దానికి ఇక చేయాల్సిన పనేమీ మిగల్లేదు.

చివరి దశలో మోచేయి బాగా చాపి ఇదే చేయండి. చాపినప్పుడు ఈ కండరాల్లో కొన్ని ఎక్కువ సాగి ఉంటాయి కాబట్టి కష్టం పెరుగుతుంది, బరువు ఒక మెట్టు తగ్గించి మొదలుపెట్టండి.

ఇందులో జరిగే పొరపాట్లు ఇవి. ఒకటి, వేగం: 15 సార్లు అరనిమిషంలో ముగించేస్తే అది ఈ వ్యాయామం కానే కాదు, సెట్‌కి దాదాపు 1 నిమిషం 45 సెకన్లు పట్టాలి. రెండు, ముంజేయి తొడ మీదనుంచి లేవడం, అప్పుడు పని మోచేయి వంచే కండరం చేసేస్తుంది. మూడు, దింపేటప్పుడు వేళ్లు విప్పి సీసాని వేళ్ల కొసలకి జార్చడం. మొదట్లో ఇది వద్దు, టెండన్ మీద బరువు అనుకున్నదానికంటే ఎక్కువ పడుతుంది.

4. సుత్తితో తిప్పడం

మోచేయి ఒంటికి ఆనించి 90 డిగ్రీలు వంచండి. సుత్తిని నిలువుగా పట్టుకోండి, తల పైకి. మెల్లగా 3, 4 సెకన్లలో అరచేయి పైకి తిరిగేలా సుత్తిని బయటివైపు వాల్చండి, తర్వాత 3 సెకన్లలో మళ్లీ నిలువుకి తీసుకురండి. అక్కడితో ఆపేయండి. చాలామంది నిలువు దాటించి లోపలివైపు కూడా వాల్చి, అక్కడినుంచి లేపడమే ముఖ్యం అనుకుంటారు. ఆ భాగంలో పనిచేసేది వేరే కండరం. మనకి కావలసిన కండరం బయటివైపు వాల్చేటప్పుడు, అక్కడినుంచి నిలువుకి తెచ్చేటప్పుడు పనిచేస్తుంది.

10 నుంచి 15 సార్లు, 3 సెట్లు, మూడో మెట్టు చేసే రోజుల్లోనే. తేలిగ్గా ఉండాలంటే తలకి దగ్గరగా పట్టుకోండి, కష్టం పెంచాలంటే పట్టుని చివరికి జరపండి. రెండు వేళ్ల వెడల్పు జరిపినా తేడా బాగా తెలుస్తుంది కాబట్టి ఒక్కసారిగా చివరికి వెళ్లిపోకండి.

5. పట్టు, వేళ్లు

చుట్టిన తువ్వాలో మెత్తటి బంతో అరచేతిలో పెట్టి 5 సెకన్లు నొక్కి వదలండి, 10 సార్లు, 2 సెట్లు. దీనికి తోడు రబ్బర్ బ్యాండ్‌ని అయిదు వేళ్ల చుట్టూ వేసి వేళ్లని విప్పడం 15 సార్లు. గట్టి స్ప్రింగ్ గ్రిప్పర్ కొనుక్కుని టీవీ చూస్తూ వందలసార్లు నొక్కుతూ కూర్చోవడం మాత్రం చేయకండి, ఈ నొప్పి ముదరడానికి అది చాలు.

6. భుజం, వీపు పైభాగం

భుజం చేయాల్సిన పని సరిగ్గా చేయకపోతే ఆ భారం మోచేతి మీద పడుతుంది, విసిరే ఆటలు ఆడేవాళ్లలో, బరువులు ఎత్తేవాళ్లలో మరీను. రబ్బర్ బ్యాండ్‌ని తలుపు గడియకి గట్టిగా కట్టి, రెండు మోచేతులు వెనక్కి లాగే వ్యాయామం 12 సార్లు. మోచేయి పక్కకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పే వ్యాయామం 12 సార్లు. చెరో 3 సెట్లు, వారానికి రెండు మూడు సార్లు. బ్యాండ్‌ని పిడికిలితో బిగించి పట్టుకోవడం నొప్పిగా ఉంటే మణికట్టుకి చుట్టుకుని చేయండి.

సాగదీయడం సంగతి

మోచేయి చాపి, అరచేయి పైకి పెట్టి, రెండో చేత్తో వేళ్లని మెల్లగా కిందికి, వెనక్కి లాగితే ముంజేయి లోపలి వైపు సాగుతుంది. 20 నుంచి 30 సెకన్లు, రెండు మూడు సార్లు. నొప్పి బాగా ఉన్న మొదటి రోజుల్లో వద్దు. బిగుతు తెలియాలి గానీ బొడిపె దగ్గర నొప్పి రాకూడదు, వేళ్లలో జుమ్మంటే వెంటనే ఆపేయండి. సాగదీస్తే హాయిగా ఉంటుంది కాబట్టి చాలామంది రోజుకి పదిసార్లు ఇదే చేస్తూ బరువు వ్యాయామాన్ని వదిలేస్తారు. దయచేసి అలా చేయకండి.

మసాజ్ కూడా అంతే. ముంజేతి కండరం మీద మెల్లగా చేసుకోవచ్చు. బొడిపె మీద, దాని వెనక సందులో గట్టిగా రుద్దడం, ఎవరిచేతైనా రుద్దించుకోవడం వద్దు.

బెల్టు, ఇంజెక్షన్, మెషిన్లు

మోచేతి బెల్టుని చాలామంది సరిగ్గా నొప్పి ఉన్న ఎముక మీదే కట్టేస్తారు. అది మోచేతికి రెండు మూడు వేళ్ల కింద, ముంజేతి కండరం లావుగా ఉన్న చోట, ప్యాడ్ లోపలి వైపుకి వచ్చేలా కట్టాలి. కట్టాక కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. పని చేసేటప్పుడే పెట్టుకుని, పడుకునేటప్పుడు తీసేయండి. వేళ్లు తిమ్మిరెక్కితే అసలు వాడవద్దు. బెల్టు కట్టి పిడికిలి బిగిస్తే నొప్పి తగ్గినట్టు తెలియాలి, ఏ తేడా లేకపోతే అది మీకు అక్కర్లేదు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల వరకు నొప్పిని బాగా తగ్గించగలదు. నెలలు గడిచాక చూస్తే మాత్రం ఆ లాభం నిలబడదు, పైగా నొప్పి లేదు కదా అని ఆ వారాల్లో చేతిని ఎడాపెడా వాడేస్తే పరిస్థితి మొదటికొస్తుంది. వేయించుకోవాలా వద్దా అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి, వేయించుకుంటే వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో అక్కడే అడగండి. షాక్‌వేవ్, అల్ట్రాసౌండ్ లాంటి మెషిన్ల విషయంలో నా అభిప్రాయం ఒక్కటే: బరువు వ్యాయామంతో పాటు అయితే సరే, దానికి బదులుగా అయితే వద్దు. మీ ఫిజియో అన్ని సిట్టింగుల్లోనూ మెషిన్ పెట్టి పంపించేస్తూ ఒక్క వ్యాయామం కూడా నేర్పకపోతే, నేర్పమని అడగండి, అది మీ హక్కు.

బాగవుతోందో లేదో ఎలా చూసుకోవాలి

"ఈ రోజు నొప్పి ఉందా లేదా" అని రోజూ చూసుకుంటూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయానికి ఈ నాలుగు రాసుకోండి: ఉదయం పిడికిలి బిగిస్తే నొప్పి ఎంత, మీరు ఎంచుకున్న ఒక పని (మూత తిప్పడమో, సీసా ఎత్తడమో, ఎప్పుడూ అదే పని) చేస్తే ఎంత, మూడో మెట్టులో ఎంత బరువు, నొప్పి రేగితే తగ్గడానికి ఎన్ని గంటలు పట్టింది.

చివరిది చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మొదట మారేది అదే. ఇంతకుముందు రెండు రోజులు ఉండే నొప్పి ఇప్పుడు సాయంత్రానికే తగ్గుతుంటే, దాని అంకె ఇంకా తగ్గకపోయినా, మీరు సరైన దారిలోనే ఉన్నారు.

అంకెల్లో చూసుకోవాలనుకునేవాళ్లకి ఇంకో పద్ధతి ఉంది. లగేజీ తూచే కొక్కెం స్కేల్‌కి ఒక పట్టీ కట్టి దాన్ని కాలికింద తొక్కిపట్టండి. ముంజేయి తొడ మీద, అరచేయి పైకి పెట్టి, స్కేల్‌ని పట్టుకుని మణికట్టుతో మెల్లగా పైకి లాగండి. నొప్పి మొదలవగానే ఆపి, ఎన్ని కిలోలు చూపించిందో రాసుకోండి. రెండో చేతికీ చేయండి. రెండు వారాలకి ఒక్కసారే, గుంజి లాగకూడదు, ముంజేతిని, పట్టీ పొడవుని ప్రతిసారీ ఒకేలా పెట్టాలి. నొప్పి లేకుండా లాగగలిగిన బరువు పెరుగుతూ పోతే టెండన్ బలపడుతున్నట్టే.

ఎన్నాళ్లు పడుతుందంటే, శ్రద్ధగా చేస్తే 6 నుంచి 12 వారాల్లో స్పష్టమైన తేడా కనిపించాలి. పాత నొప్పి అయితే పూర్తిగా తగ్గడానికి ఆరు నెలలు, కొందరికి అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకి, పొగ తాగేవాళ్లకి టెండన్లు నెమ్మదిగా మానుతాయి, ఓపిక ఇంకొంచెం కావాలి, షుగర్ అదుపులో పెట్టుకోవడం, పొగ మానడం కూడా ఈ వైద్యంలో భాగమే అనుకోండి. 6 వారాలు లెక్క తప్పకుండా చేసినా నోట్‌బుక్‌లో నాలుగు అంకెల్లో ఒక్కటీ కదలకపోతే ఫిజియోకి చూపించుకోండి, పద్ధతిలో తేడా ఉండవచ్చు, లేదా సమస్యే వేరేది కావచ్చు. ఆపరేషన్ మాట సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది పాటు సరైన వ్యాయామం చేసినా తగ్గనివాళ్ల విషయంలోనే వస్తుంది.

7. ఆటకి, పూర్తి పనికి తిరిగి వెళ్లడం

మూడో మెట్టులో రెండు చేతులూ ఎత్తగలిగే బరువు దాదాపు సమానమై, రోజువారీ పనుల్లో నొప్పి 2 లోపు ఉంటే మొదలుపెట్టవచ్చు. ఒక వారంలో ఒక్కటే పెంచండి, సమయం గానీ వేగం గానీ, రెండూ కలిపి కాదు. ముందు సమయం పెంచడం మంచిది. జిమ్‌కి వెళ్లేవాళ్లు ముందు బ్యాండ్‌తో, తేలికైన బరువులతో వెనక్కి లాగేవి చేసి, తర్వాత అరచేతులు ఎదురెదురుగా ఉండే పట్టుతో పుల్ అప్స్‌కి రండి. అరచేతులు ముఖంవైపు చూసే చిన్ అప్స్ ఈ టెండన్‌కి బాగా కష్టం, వాటిని ఆఖరికి ఉంచుకోండి. విసిరేవాళ్లు దగ్గరి దూరంతో, సగం వేగంతో, మధ్యలో ఒక రోజు ఖాళీ ఇచ్చుకుంటూ మొదలుపెట్టాలి. గాల్ఫ్ ఆడేవాళ్లు చిన్న షాట్లతో మొదలుపెట్టి, గ్రిప్ ఎంత బిగించి పడుతున్నారో కోచ్‌కి చూపించుకోండి.

ఇక్కడ చాలామంది చేసే పని, నొప్పి పోగానే వ్యాయామం కూడా ఒకేసారి మానేయడం. నొప్పి పోయిన తర్వాత కనీసం ఇంకో రెండు మూడు నెలలు మూడో మెట్టు, నాలుగో మెట్టు వారానికి రెండుసార్లు కొనసాగించండి. మధ్యలో ఏదో ఒక రోజు పని ఎక్కువై నొప్పి రేగితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు: రెండు మూడు రోజులు రెండో మెట్టు మాత్రమే చేసి, ఉదయం పిడికిలి పరీక్ష మామూలైపోయాక, అంతకుముందు చేస్తున్న బరువులో సగంతో మళ్లీ ఎక్కండి.